వాన ఆగే చోటు

మా ఊళ్ళో కొండలు లేవు. న్యూజెర్సీలో మేముండే పిస్కాటవేలో ఎత్తైనది ఏదైనా ఉందంటే, అది హైవే మీది ఫ్లైఓవరే. అందుకని హిమాలయాల్లో నడవడానికి నేను మావారి ఆఫీసు పార్కింగ్ డెక్ మెట్ల మీద తయారయ్యాను. వీపున బ్యాక్‌ప్యాక్, అందులో ఇరవై పౌండ్ల సోనామసూరి బియ్యం. ఒక శనివారం పొద్దున అక్కడ కారు ఆపుకుంటున్న తెలుగావిడ ఒకరు అద్దం దించి, "ఏమ్మా, కార్ ట్రబులిచ్చిందా? ఎక్కండి, బియ్యం ఇంటి దగ్గర దింపేస్తాను" అన్నారు. జిప్పు సరిగా పడక బస్తా మూతి బయటికి కనిపిస్తోంది. హిమాలయాలకు వెళ్తున్నానని చెప్పాను. ఆవిడ నా వంకా బస్తా వంకా చూసి, "అక్కడ బియ్యం దొరకవా?" అని అడిగారు.

ఆ ప్రయాణం వెనక నాకు చాలా ఏళ్ళ చదువుంది. డిపెండెంట్ వీసా మీద వచ్చిన కొత్తలో ఉద్యోగం చేసే వీల్లేదు, కారు నడపడం రాదు. నడిచి వెళ్ళగలిగిన చోటు లైబ్రరీ ఒక్కటే. పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి, ఇంగ్లీషు కుదురుకున్నాక భూగోళశాస్త్రం అర దగ్గర స్థిరపడ్డాను. మా లైబ్రరీలో లేని పుస్తకాన్ని వేరే ఊరి నుంచి తెప్పించి పెడతారని తెలిశాక ఇక నన్ను ఆపగలిగినవాళ్ళు లేరు. రాతిపొరలు ఎలా ముడతలు పడతాయో, పైకి పోయేకొద్దీ గాలి ఎందుకు పలచబడుతుందో, ఏ కాలేజీకీ వెళ్ళకుండా నేర్చుకున్నాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఆ చదువులో ఒక సంగతి నన్ను వదల్లేదు. హిమాచల్‌లో కిన్నౌర్ వైపు కొండలు వర్షాకాలంలో పచ్చగా ఉంటాయి. అక్కడి నుంచి భాబా కనుమ దాటి స్పితి వైపు దిగితే అంతా ఎండిన నేల. వానమబ్బులు ఆ కొండలు ఎక్కలేక ఇవతలే ఆగిపోతాయట. పటంలో ఆ చోటు మీద ఎన్నోసార్లు వేలు పెట్టి చూశాను. దాని మీద నిలబడి, ఒక పక్క తడినీ ఇంకో పక్క ఎడారినీ కళ్ళారా చూడాలన్నది నా కోరిక. జనం పెద్దగా వెళ్ళని దారి. మా అమ్మాయి కాలేజీ రెండో ఏడు పూర్తయిన వేసవిలో ముగ్గురం బయల్దేరడానికి సిద్ధమయ్యాం.

ఏ రోజు ఎక్కడ మకామో మావారు స్ప్రెడ్‌షీట్‌లో పెట్టారు. ఒక వరస దగ్గర ఆగారు.

"ఈ రెస్ట్ డే ఏంటి?"

"ఆ ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడాలండీ. అక్కడ ఒక రాత్రి ఎక్కువ పడుకోవాలి."

"పడుకోవడానికి అంత దూరం పోవాలా? ఆ పనేదో ఇక్కడే చెయ్యొచ్చుగా. లాంగ్ వీకెండ్‌లో యూటా పార్కులన్నీ కవర్ చేశాం, ఏమైనా అయిందా?"

పుస్తకం తెచ్చి పేజీ చూపించాను. "క్లాస్ మొదలైంది తల్లీ" అని అమ్మాయికి కన్నుగీటి, ఆ వరస డిలీట్ చేశారు. అమెరికాలో మన ఇళ్ళలో సెలవులు ఇలాగే గడుస్తాయి. ఖాళీ రోజు కనిపిస్తే చాలు, దాన్ని ఎవరికో ఇచ్చేస్తాం. మా ఖాళీ రోజు హైదరాబాద్‌లో మా మరిది గృహప్రవేశానికి వెళ్ళిపోయింది.

జులై చివర్లో నడక మొదలైంది. అడవి, ఆ పైన పచ్చిక, గొర్రెల మందలు, సన్నటి తుంపర. మా డేరాలు తప్ప దారిలో ఇంకో డేరా లేదు. మాతో ఒక కిన్నౌరు గైడూ, సామాన్లు మోసే కంచరగాడిదలూ, వాటిని తోలే మనిషీ. కనుమకు సరిగ్గా కింద ఉన్న మకాముకు మధ్యాహ్నానికల్లా చేరాం. పైన రాళ్ళ మధ్య మంచు పట్టీ, దాని మీద ఆకాశం. రేపు పొద్దున నేను అక్కడ ఉంటాను అనుకుంటుంటే అమ్మాయి వచ్చింది.

"అమ్మా, డాడీ వియర్డ్‌గా ఉన్నాడు. సూప్ వద్దంటున్నాడు. నేను జోక్ చేస్తే అరిచాడు."

వెళ్ళి చూస్తే ఆయన తల పట్టుకుని కూర్చున్నారు.

"తలనొప్పా?"

"కాఫీ పడలేదుగా, అదే."

"వికారంగా ఉందా?"

"క్వశ్చన్ పేపర్ ఇంత పెద్దదేంటి?"

డేరా తాడు పక్కన ఒక కాలి మడమ రెండో కాలి బొటనవేలికి ఆనిస్తూ తిన్నగా నడవమన్నాను. ఎత్తు వల్ల మెదడు వాస్తే మనిషి అలా నడవలేక తూలిపోతాడని చదివాను.

"డ్రంక్ డ్రైవింగ్ టెస్టా? లైసెన్స్ కూడా చూపించమంటావా?" అంటూనే చక్కగా నడిచారు. చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగి, అమ్మాయికి వంగి దండం పెట్టారు. ఆ వెంటనే బండ పక్కకు పరిగెత్తి వాంతి చేసుకున్నారు.

ప్రమాదం ముదరలేదు, కానీ మొదలైంది.

"మాత్ర వేసుకుని ఎక్కేద్దాం. కనుమ దాటితే అటు దిగడమేగా. గృహప్రవేశానికి పెద్దవాణ్ణి, నేను లేకపోతే ఎలా?" అన్నారు. ఒక్క క్షణం ఆ మాట నాకూ బాగానే అనిపించింది. కనుమ అంత దగ్గరగా కనిపిస్తోంది మరి.

"ఈ స్థితిలో ఇంకా పైకి వెళ్ళకూడదు. నిన్న పడుకున్న మైదానానికి దిగిపోదాం" అన్నాను.

గైడు నా మాటే ఖాయం చేశాడు. "ఒక్క రోజుకైతే తిండి సరిపోతుంది దీదీ. రేపు పొద్దుటికి సాబ్ బాగుంటే మళ్ళీ ఎక్కుదాం. లేకపోతే వచ్చిన దారినే వెనక్కి."

"సో, మనం క్రాస్ చెయ్యమా?" అంది అమ్మాయి. "నువ్వు నా చిన్నప్పట్నించీ దీని గురించే చెప్తున్నావ్ కదా."

"నాన్నకి తగ్గితే చేస్తాం."

తను వాళ్ళ నాన్న బ్యాగ్ తీసి తన భుజానికి వేసుకుంది. దిగుతున్నంతసేపూ నేను కనుమ వైపు తిరిగి చూడలేదు. చూస్తే కాళ్ళు కదలవని తెలుసు.

"కోపమా?" అన్నారు ఆయన, సగం దారిలో.

"మీ మీద కాదు. ఆ స్ప్రెడ్‌షీట్ మీద."

ఆ రాత్రి నేను సరిగా పడుకోలేదు. తెల్లారాక డేరా జిప్పు తీసిన చప్పుడు, ఆ వెనకే మావారి గొంతు: "టిఫినేంటి?" పెళ్ళయినప్పటి నుంచీ రోజూ వింటున్న ప్రశ్నే. దానికి అంత సంతోషించడం మాత్రం అదే మొదటిసారి. రెండు గిన్నెల మ్యాగీలో గోంగూర పచ్చడి కలుపుకుని తిన్నారు. తలనొప్పి లేదన్నారు. నేను మళ్ళీ తాడు పక్కన నడిపించి, కాసేపు ఆగి, మరో రెండుసార్లు అడిగాను.

"తమ్ముడి చేత తిట్లు నేను తింటాలే. పద" అన్నారు.

ఆ రోజు మెల్లగా పై మకాముకు ఎక్కాం. ఆయనకు మళ్ళీ ఏ ఇబ్బందీ రాలేదు. మర్నాడు పొద్దున మంచు ఇంకా గట్టిగా ఉండగానే కనుమ ఎక్కాం. వెనక్కి తిరిగితే లోయ కనిపించలేదు. తెల్లటి మబ్బు కింది నుంచి ఉబికి వస్తోంది. "మా వాడింట్లో పాలు ఇలాగే పొంగుతాయి, నేను లేకుండా" అన్నారు మావారు, దాన్ని చూస్తూ. ముందువైపు ఒక్క గడ్డిపోచ లేదు. రాగి రంగు, బూడిద రంగు, వంకాయ రంగు కొండలు, ఎవరో దుప్పట్లు మడిచి పెట్టినట్టు పొరలు పొరలుగా. చూస్తూ నిలబడ్డాను. ఫోటో తీయడం కూడా అమ్మాయే గుర్తు చేసింది.

అటువైపు మంచు దాటి ఎండిన మట్టిలోకి దిగాం. ఇక ఇటు వాన ఉండదనుకుని రెయిన్ జాకెట్ విప్పుతుంటే చేతి మీద చుక్క పడింది. ఇంకోటి. దుమ్ములో అక్కడక్కడా నల్లటి మచ్చలు పడ్డాయి.

"అమ్మా, యువర్ బుక్ ఈజ్ రాంగ్!" అని అరిచింది అమ్మాయి.

"ఇటు కూడా అప్పుడప్పుడూ పడుతుంది దీదీ" అన్నాడు గైడు. "కొన్ని మబ్బులు దాటి వచ్చేస్తాయి."

మేం చూస్తుండగానే ఆ మచ్చలు ఆరిపోయాయి. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ దాటి వచ్చే మబ్బుల మాట లేదు. అది నేనే చూశాను.

"అయితే వాన ఆగేది ఎక్కడ?" అని అడిగింది అమ్మాయి.

"తెలీదు" అన్నాను. "ఇంకాస్త దిగి చూద్దాం రా."