తుడవని ఇంజను

ఆయన్ని అందరూ నిదానం మేస్త్రి అంటారు. ఎదురుగానే అంటారు, ఆయనా పలుకుతాడు. లారీ షెడ్లు వరసగా ఉన్న ఆ వీధిలో మిగతా మెకానిక్కులు క్యాబిన్ ఎత్తీ ఎత్తకముందే లోపలికి తల దూర్చేస్తారు. ఈయన ముందు స్టూలు చూపిస్తాడు. గ్లాసుడు మంచినీళ్లిస్తాడు. ఆ తర్వాత తీరిగ్గా ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటీ అడుగుతాడు. స్పానరు పట్టడానికొచ్చాడా, పెళ్లి సంబంధం మాట్లాడటానికొచ్చాడా అని డ్రైవర్లు వేళాకోళం చేస్తారు. నేనూ చేశాను. నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఆయన గడప చివరిదాకా తొక్కకపోవడానికి కారణం అదే.

పదకొండేళ్లుగా నేను ఒకటే లారీ నడుపుతున్నాను. బండి ఓనరుది. మా ఆవిడ మాత్రం దాన్ని తన సవతి అంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కేలోగా పాత బనీను గుడ్డతో మూలమూలలా తుడవడం నా అలవాటు. ఇంట్లో తిన్న కంచం తీయని మనిషివి, దానికి మాత్రం స్నానం చేయిస్తావని దెప్పుతుంది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

అంత కళ్లలో పెట్టుకుని చూసుకున్న బండికి రేడియేటరులో నీళ్లు తగ్గడం మొదలైంది. రోజూ పొద్దున మూత తీస్తే చెంబెడు తక్కువ. కింద నేల మీద చుక్క లేదు. నీళ్లు కలిపి కలిపి కూలెంట్ రంగు కూడా వెలిసిపోయింది. ఇద్దరు మెకానిక్కులకు చూపించాను. పైపులన్నీ అద్దంలా ఉన్నాయి, ఎక్కడా తడి లేదు, ఇంజను నీళ్లు లోపలే తాగేస్తోంది, ఇంజను మీది హెడ్ విప్పి దింపాల్సిందే అన్నారు ఇద్దరూ.

ఆ మాట ఓనరు చెవిన పడింది. "నీళ్లు చూసుకోకుండా వేడి మీద తోలేసుంటావు. వేరే డ్రైవర్ని మాట్లాడాను. శుక్రవారం పొద్దున తాళం చెవి ఇచ్చెయ్" అన్నాడు. బండి చేతిలోంచి పోవడం ఒక ఎత్తు, ఇంజను కాల్చేసిన డ్రైవరని పేరు పడటం ఇంకో ఎత్తు. ఆ పేరు పడ్డవాణ్ణి ఇంకెవరూ పిలిచి బండి ఇవ్వరు. అది బుధవారం. ఆ మధ్యాహ్నమే నిదానం మేస్త్రి దగ్గరికి వెళ్లాను.

స్టూలు, మంచినీళ్లు అయ్యాయి. "పొద్దున లేవగానే ముందు ఏం చేస్తారు డ్రైవరుగారూ?" అన్నాడు.

ఒళ్లు మండింది. "పళ్లు తోముకుంటాను" అన్నాను.

"ఆ తర్వాత?"

"బండి స్టార్ట్ చేసి ఇంజను తుడుస్తాను."

"ఆ గుడ్డ ఒకసారి ఇలా ఇవ్వండి."

గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఆయిల్ పుల్ల లాగి వేలికి రాసుకున్నాడు. "లోపలికి నీళ్లు పోతే ఇది పాలు పోసిన టీలా ఉండాలి. శుభ్రంగా ఉంది" అన్నాడు. తర్వాత నా గుడ్డని మడతపెట్టి తన సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"శుక్రవారం దాకా ఇది నా దగ్గరుంటుంది. రేపంతా బండి నడపండి, తుడవకండి. సాయంత్రం తెచ్చి ఇక్కడ పెట్టేయండి. ఎల్లుండి నేను చెప్పేదాకా స్టార్ట్ చేయొద్దు."

నా ఉద్యోగం ఊడబోతుంటే ఈయన గుడ్డ దాచుకుంటాడేమిటని లోపల తిట్టుకున్నాను. పైకి సరేనన్నాను, వేరే దిక్కు లేదు కాబట్టి. గురువారమంతా మొహం కడుక్కోకుండా నలుగురిలోకి వెళ్లినట్టుంది నాకు.

శుక్రవారం తెల్లవారేసరికి షెడ్డుకి చేరాను. నా వెనకే ఓనరు దిగాడు, తాళం చెవి కోసం. మేస్త్రి ఆయనకీ స్టూలు చూపించాడు, ఆయనకీ మంచినీళ్లిచ్చాడు. ఓనరు గ్లాసు పట్టుకుని గడియారం చూసుకుంటున్నాడు. మేస్త్రి టార్చి తీసుకుని చల్లటి ఇంజను కిందికి దూరాడు, చాలాసేపు బయటికి రాలేదు.

"ఓనరుగారూ, ఇలా రండి. ఇక్కడ వేలు పెట్టండి."

రేడియేటరు నుంచి నీళ్ల పంపుకి వెళ్లే కింది పైపు అది. పంపు మూతిని పట్టుకునే చోట గంజి ఎండినట్టు తెల్లటి చార దిగి ఉంది. చార చివర, పైపుని బిగించే క్లాంపు పట్టీ అడుగున, ఒక చుక్క వేలాడుతోంది. ఓనరు వేలు తడిసింది.

"ఈ క్లాంపు వదులైంది. ఇంజను వేడెక్కితే రబ్బరు ఉబ్బి బిగుసుకుంటుంది, కారదు. చల్లారితే సందు ఇస్తుంది. కారింది ఈ అడుగు రేకు మీద పడుతోంది, నేల మీదికి రావట్లేదు. ముందు ఆ మెకానిక్కులిద్దరూ చూసింది వేడి బండిని" అన్నాడు మేస్త్రి.

"మరి ఇన్నాళ్లు ఈ చార కనపడలేదేం?" అన్నాడు ఓనరు.

మేస్త్రి నా వైపు చూడలేదు. నేనే చెప్పాను. "రోజూ నేనే తుడిచేశానండీ. పొద్దున తడి కనపడితే మంచు అనుకున్నాను."

ఇక అయిపోయిందనుకుని తాళం చెవి తీసి అరచేతిలో పెట్టి చాపాను. ఓనరు తన తడి వేలి వంక చూసుకున్నాడు, నా మొహం వంక చూశాడు. నా గుప్పిట తనే మూసి, "సాయంత్రం లోడుంది, ఆలస్యం చేయకు" అని వెళ్లిపోయాడు.

మేస్త్రి పని మొదలుపెట్టాడు. కూలెంట్ బేసిన్‌లోకి వదిలి పైపు ఊడదీశాడు. గట్టిపడిన చివర వేలెడు కోసేశాడు. పంపు మూతికి పట్టిన పొక్కుల్ని గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. కొత్త క్లాంపుని మూతి గట్టు దాటించి కూర్చోబెట్టి, స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పాడు. అలా తిప్పుతూనే, నేను అడక్కుండానే చెప్పాడు.

"మా అన్న కూడా డ్రైవరే. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఆయన బండికి ఇలాగే నీళ్లు తగ్గాయి. చూడగానే హెడ్ పోయిందన్నాను, ఆ పూటే దింపేశాను. లోపలేం లేదు. మళ్లీ బిగించాక కూడా నీళ్లు తగ్గాయి. ఓనరు అన్నని బండి దింపేశాడు. నెల తర్వాత అదే బండి వేరే షెడ్డులో కనపడింది. క్లాంపు స్క్రూ రెండు చుట్లు తిప్పారట, అంతే."

"అన్నయ్య మిమ్మల్ని ఏమీ అనలేదా?"

"అంటే బాగుండేది. మళ్లీ ఎవరూ బండి ఇవ్వలేదు ఆయనకి. అయినా ఎవరు అడిగినా, మా తమ్ముడు మంచి మెకానిక్కు, వాడి దగ్గరికెళ్లమని చెప్పేవాడు. పోయేదాకా అదే చెప్పాడు."

మేస్త్రి క్లాంపు బిగింపు పూర్తి చేశాడు. కొత్త కూలెంట్ పోసి, ఇంజను నడిపి, గాలి బుడగలు పోయేదాకా చూశాడు. ఆపి, చల్లారనిచ్చి, స్క్రూ మరో అర చుట్టు బిగించాడు. అడుగు రేకు మీద పరిచిన పేపరు మధ్యాహ్నానికి కూడా పొడిగానే ఉంది. స్టూలు మీద అంతసేపు కూర్చున్నా నాకు ఒక్కసారి కూడా కోపం రాలేదు. నోటి దగ్గర కూడు నిలబెట్టిన మనిషి, నా పేరు నిలబెట్టిన మనిషి. ఇన్నేళ్లు వేళాకోళం చేసినందుకు సిగ్గేసింది, ఆయన చేతుల్లో పడినందుకు కడుపు నిండింది.

ఆ మాటే చెబుదామని చేతులు జోడించబోయాను. ఆయన సొరుగు తీసి, ఆ చేతుల్లో నా గుడ్డ పెట్టాడు. ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి ఉంది.

"ఇక తుడుచుకో తమ్ముడూ" అన్నాడు.

"అలాగే అన్నా" అన్నాను. ఆ క్లాంపు ఉన్న మూల ఒక్కటి వదిలేసి, మిగతా ఇంజనంతా తుడిచాను.