మా మరిది అడిగిన ఒక్క ఫొటో

మా మరిది పోయి నెల దాటింది. కటింగ్ షాపు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. షాపతను ఫోన్ చేసేసరికి నేను పప్పు కడుగుతున్నాను. దవాఖానకు తీసుకుపోయారు గానీ, డాక్టరు చెయ్యి పట్టుకొని చూసి, మా అబ్బాయి వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడట. ఆ పొద్దున అతన్ని కటింగ్ షాపుకు పంపింది నేనే. ఆ సంగతి దాచిపెట్టి మంచి మాటలు మాత్రమే రాస్తే నాకు నిద్ర పట్టదు.

చదివేవాళ్లు మన్నించాలి, నేను అయిదో తరగతితో బడి మానేశాను. కానీ అతని దగ్గర కెమెరాలు చేయించుకున్నవాళ్లలో చాలామందికి ఈ కబురు తెలియదు. షాద్‌నగర్ నుంచి, బడంగ్‌పేట్ నుంచి ఇప్పటికీ వచ్చి గేటు కొడుతున్నారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పడం నా వల్ల కావడం లేదు. మా కోడలు నోట్‌బుక్ చేతికిచ్చి, "రాసి పెట్టు అత్తమ్మా, నీకూ జర తేలికైతది" అంది. తేలికవుతుందో లేదో మరి.

శంషాబాద్‌లో రోడ్డు పక్కన అతనికి ఫొటో స్టూడియో ఉండేది. పాల్మాకుల దాకా ఏ ఇంట్లో పెళ్లయినా కెమెరా మెడలో వేసుకొని అతనే వచ్చేవాడు. రీళ్ల కాలం పోయి అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మూసేసి, మా ఇంటి వెనక గదిలోకి మారాడు. అప్పటికే భార్య లేదు, పిల్లలు కలగలేదు. తర్వాత మా ఆయన కూడా పోయారు. కొడుకూ కోడలూ ఎయిర్‌పోర్టు డ్యూటీలకు వెళ్తే పగలంతా ఇంట్లో మేమిద్దరమే. నేను వంటింట్లో, అతను వెనక గదిలో. మధ్యలో రేకుల పందిరి, బట్టలారేసే తీగ.

ఆ గదిలో మొదట కొన్నాళ్లు ఊరికే పడుకునేవాడు. నాకు అదొక భయం. తర్వాత ఒకరోజు ఎక్కడి నుంచో చెడిపోయిన డిజిటల్ కెమెరా ఒకటి తెచ్చి విప్పాడు. దాని లోపల ఫొటోను పట్టే గాజుబిళ్ల ఉంటుందట, వేలి గోరంత. సెన్సర్ అంటారట. దాన్ని తీసి, తన పాత కెమెరాలో రీలు పరుచుకునే చోట కూర్చోబెట్టాడు. వెంట్రుకంత తేడా వచ్చినా ఫొటో మసక. ఎత్తు సరిచేయడానికి పాత పెళ్లిపత్రికల అట్టలు సన్నగా కోసి కింద పెట్టేవాడు. కాదు, మళ్లీ విప్పడం. ఇంకా కాదు, మళ్లీ. నాలుగైదు నెలలు అదే పని. ఆఖరికి కుదిరింది. పైనుంచి చూస్తే అదే పాత కెమెరా, అదే బరువు, నొక్కితే అదే చప్పుడు. లోపల మాత్రం రీలు లేదు.

ఆ మాట ఎలా పాకిందో, నాన్నల కెమెరాలు, తాతల కెమెరాలు సంచుల్లో పట్టుకొని మనుషులు రావడం మొదలైంది. అందరూ అడిగే ప్రశ్న ఒకటే, కెమెరా వెనక ఫొటో కనబడే తెర ఏదని. అతను తెర పెట్టేవాడు కాదు. ఒక అమ్మాయి గట్టిగానే అడిగింది.

"ఫొటో వచ్చిందో లేదో ఎట్ల తెలుస్తది అంకుల్?"

"ఇంటికి పోయినంక తెలుస్తది."

"అప్పటిదాంక?"

"అప్పటిదాంక ఎదురుంగ ఉన్న మనిషిని జూడు. కనబడకపోతే రాలేదని కాదు బిడ్డా."

ఇంకొక పట్టు కూడా ఉండేది. అతను చేసిన ప్రతి కెమెరా ముప్పై ఆరు ఫొటోలకు ఆగిపోతుంది. పాత రీలుకు ఎన్నో అన్నే. కార్డు తీసి కంప్యూటరులో ఖాళీ చేస్తే మళ్లీ ముప్పై ఆరు. లెక్క లేకుంటే మనిషి చూడకుండానే నొక్కుతాడు అనేవాడు.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు పొద్దున లేస్తే భయం. స్టవ్ ఆపానా, తాళం వేశానా, కోడలి బండి టైరులో గాలి ఉందా. ఆ భయాలన్నీ వినే ఓపిక ఇంట్లో ఒక్క మా మరిదికే ఉండేది. నేను అతని గడప దగ్గర నిలబడగానే తల ఎత్తకుండానే అడిగేవాడు.

"ఇయ్యాల ఎన్నో నంబర్ పరేషాన్ వదినా?"

"నవ్వకు. ఇమానం జూడు, ఎంత కిందికెళ్లి పోతున్నదో. మన నీళ్ల ట్యాంకుకు తగిలితే?"

"తగలది. పైలట్లకు మన ట్యాంకే గుర్తు. అది కనబడంగనే, ఇగ దిగుడే అనుకుంటరు."

"మరి మా పోరడు ట్యాంకు మారుస్తనంటున్నడు గద. వాళ్లు తొవ్వ తప్పితే ఎట్ల?"

చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టి మరీ నవ్వాడు ఆ రోజు. మర్నాడు తన సొంత కెమెరాను, మొట్టమొదట బాగుచేసినదాన్ని, తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"నీకు దేంతోని భయమైతే దాన్ని తియ్యి. మంది ఫొటోలు వద్దు. భయాలే తియ్యి. ఆదివారం ఇద్దరం కూసొని చూద్దాం."

నేను తీశాను. ఆదివారం పొద్దున అతని కంప్యూటర్ ముందు స్టూలు మీద కూర్చునేదాన్ని. అతను ఒక్కొక్కటే తిప్పేవాడు.

"గ్యాస్ పైపు. మూడు వారాల సంది తీస్తున్నవు. పేలిందా?"

"లేదు."

"గోడకు నెర్రె. పెరిగిందా?"

"కొంచెం పెరిగింది."

"పెరగలే. నువ్వు దగ్గరికి పోయి తీసినవు."

అలా ఎన్ని ఆదివారాలు గడిచాయో చెప్పలేను. నా భయాలను నాతోపాటు కూర్చొని చూసినవాళ్లు మా ఇంట్లో ఇంకెవరూ లేరు. మా ఆయన మంచివారే గానీ, "ఊకో" అని అటు తిరిగి పడుకునేవారు. ఇప్పుడు ఆదివారం వస్తే నేను వాకిలి రెండుసార్లు ఊడుస్తున్నాను.

ఇక ఆ పొద్దున. నా కెమెరాలో ముప్పై అయిదు అయ్యాయి. టీ ఇవ్వడానికి వెళ్తే, కిటికీ వెలుతురులో ఒక కెమెరా మూత విప్పుకొని కూర్చున్నాడు.

"వదినా, ఒకటి మిగిలింది గద. నన్నొకటి తియ్యి. గిట్ల పనిల ఉన్నప్పుడే."

ఎప్పుడూ అడగనివాడు అడిగాడు. నేను కెమెరా తేవడానికి కదిలాను కూడా. కానీ అతని ముఖం చూస్తే నాలుగు రోజుల తెల్లగడ్డం. మా కాలంలో రీలులో ఆఖరిది మిగిలితే దాన్ని పండుగకో, చుట్టం వస్తేనో అని దాచేవాళ్లం. చిందరవందరగా ఉన్నప్పుడు నొక్కితే ఇంట్లో తిట్లు పడేవి. ఆ అలవాటు నా చేతిని పట్టుకుంది.

"గా గడ్డంతోనా? ఉన్నదొక్కటి. ఖరాబు చేస్తనా?"

"రీలు కాదు వదినా. ఖాళీ చేస్తే మళ్ల ముప్పై ఆరు."

"నాకు తెలుసులే. గడ్డం గీయించుకొని రాపో. అప్పుడు తీస్త."

"నీతోని నా వల్ల కాదు," అని నవ్వుకుంటూ చెప్పులేసుకున్నాడు. టీ సగమే తాగాడు.

గోడకు పెట్టడానికి ఇంట్లో అతని ఫొటో దొరకలేదు. స్టూడియో రోజులవి ఉన్నాయి గానీ, వాటిలో నల్లజుట్టుతో ఇంకెవరిలాగో ఉన్నాడు. చివరికి ఆధార్ కార్డులోదే పెద్దది చేయించారు. ఎంతమంది ముఖాల్నో ముద్దుగా తీసినవాడు అందులో దొంగతనం ఒప్పుకున్నట్టు ఉన్నాడు.

అతను పోయిన రోజు మధ్యాహ్నం దవాఖాన నుంచి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద నురగ ఎండి, గడ్డం అలాగే ఉంది. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. లోపలికి పోయి కెమెరా తెచ్చుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. అందులో ఉన్న ముప్పై అయిదూ గుర్తుచేసుకున్నాను. పైపు, నెర్రె, టైరు, కరెంటు తీగ, మందుల డబ్బా. అతను ఒక్కదానిలోనూ లేడు. భయమైనవాటినే తియ్యమన్నాడు. అతనికి ఏమన్నా అవుతుందని నాకు ఏనాడూ భయం వేయలేదు. అన్నింటికీ భయపడినదాన్ని, అతను మాత్రం ఉంటాడనుకున్నాను.

అంతలో కటింగ్ షాపతను సంచి పట్టుకొని వచ్చాడు. ఎవరూ పిలవలేదు.

"పెద్దమ్మా, సగం పని ఇడిసిపెట్టిన. మనసుల వడ్తలేదు. జేసిపోతా."

మగ్గులో నీళ్లు అడిగి, పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. నురగ కలుపుతూ చెప్పాడు. "కుర్సీల కూసుంటనే అన్నడు, జర మంచిగ గియ్యి, మా వదిన ఫొటో తీస్తనన్నది అని. మీసం గుడ కత్తిరియ్యమన్నడు."

"నేనే పంపిన బిడ్డా."

"నువ్వు పంపకున్నా వచ్చెటోడే. నెలకు రెండుసార్లు నా కాడికే గద."

ఎడమ చెంప గీశాడు. దవడ కింద చర్మం రెండు వేళ్లతో లాగి పట్టుకొని, బతికున్న మనిషికి తెగకుండా చూసినట్టే మెల్లగా గీశాడు. మీసం అంచులు కత్తిరించాడు. పౌడరు అద్దాడు. మెడ కింది తువ్వాలు తీసి దులిపి, నా చేతిలోని కెమెరా చూసి, ఎండ అడ్డం రాకుండా పక్కకు జరిగాడు.

నేను నొక్కాను. ఇంకోసారి నొక్కితే పడలేదు.

షాపతను కుళాయి దగ్గర కూర్చొని మగ్గు కడిగాడు. నురగ, అందులో చిన్న చిన్న తెల్ల వెంట్రుకలు, గచ్చు మీద సన్నని ధారగా సాగి, తులసికోట చుట్టూ తిరిగి, గేటు కింద నుంచి రోడ్డు మీదికి పోయాయి. మనుషులు వచ్చి ఆ తడిని దాటుకుంటూ లోపలికి నడిచారు.