పెట్టని చుక్కలు

నిన్న పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు నల్లా నీళ్లు వచ్చాయి. బకెట్టు అడుగు పగిలి ఉండటంతో ఇంకేదైనా దొరుకుతుందేమోనని సజ్జ మీదికి చెయ్యి చాపితే, గోనెసంచిలో చుట్టి పెట్టిన ఐరేని కుండలు తగిలాయి. పెళ్లి పందిట్లో పెట్టే ఆ కుండలను బల్ల మీదికి దించుకుని, నీళ్ల సంగతి మరిచిపోయాను.

అవి మా వదిన చేతివి. దేవరకొండ దగ్గరి ఊళ్లో మాది కుమ్మరుల ఇల్లు. నేను చదువుకుని బడిపంతులునయ్యాను గానీ అన్న సారె వదలలేదు. ఆయన తీసిన కుండ సగం ఆరాక వదిన దాని మెడ చుట్టూ విరిగిన దువ్వెన పళ్లతో గీతలు తీసి, జాజు ఎర్రమట్టి కలిపిన నీళ్లు గుడ్డతో పూసి, తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న గులకరాయితో మెరుగు వచ్చేదాకా రుద్దేది. పెళ్లి కుండలైతే, కాల్చి తీశాక, ఈతపుల్ల కొస నలగ్గొట్టి కుంచె చేసుకుని సున్నంతో తీగలు వేసేది.

నాకు మొదటి నుంచీ సాదా వస్తువే ఇష్టం. తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక సెలవురోజున ఆమె పక్కన కూర్చుని, ఇన్ని గీతలు గీస్తే నీళ్లు ఇంకా చల్లబడతాయా అని అడిగాను. వదిన తలెత్తకుండానే, "గట్లయితే అంగీ ఎందుకు సారూ, బనీను మీదనే బడికి పోరాదు?" అంది. అన్న సారె ఆపి మరీ నవ్వాడు.

ఆమెకొక పద్ధతి ఉండేది. తీగలు ముందే వేసి ఉంచినా వాటి నడుమ చుక్కలు పెట్టేది కాదు. పెళ్లివాళ్లు డప్పులతో వచ్చి, నూనె, బియ్యం ఇచ్చి వాకిట్లో నిలబడ్డాకే, వాళ్ల కళ్లముందు చుక్కలు పెట్టి కుండ చేతికిచ్చేది. మనుషులు రాని కుండకు చుక్క పెట్టకూడదని మా అమ్మ ఆమెకు నేర్పిందట.

మా బిడ్డ పెళ్లి దేవరకొండలో ఫంక్షన్ హాల్లో చేశాం. మంటపం కట్టేవాళ్లు అద్దాలు అతికించిన కుండలు తామే తెస్తామన్నారు. ఊరికి పోయి రావడానికి ఒక పూట పోతుందని, ఆడంబరం గిట్టదని చెప్పుకునే నేనే ఆ తళుకు కుండలకు సరేనన్నాను. ముందురోజు వదినకు ఫోన్ చేసి, కుండలు ఇక్కడికే వస్తున్నాయి, మీరు నేరుగా హాలుకు రండి అని చెప్పాను.

"గట్లనే కానీ సారూ. తీగలైతే ఏసిన. మీరొస్తే చుక్కలు పెడ్తననుకున్న."

పెళ్లికి వచ్చింది, అందరితో నవ్వుతూ మాట్లాడింది, అక్షింతలు వేసింది. అలిగి ఉంటే తప్పయిందని అనేవాణ్నేమో. ఆ తర్వాత ఎవరు పెళ్లి కుండలు అడిగినా చెయ్యి వణుకుతోందని చెప్పి పంపేసేదని, ఆమె దినాలు అయ్యాక ఈ సంచి నా చేతిలో పెడుతూ అన్న చెప్పాడు. చెయ్యి వణికేది కాదని కూడా ఆయనే చెప్పాడు.

ఐదు కుండలు. తీగ ఒక్కచోట కూడా తప్పలేదు. చుక్కలకు వదిలిన జాగా ఎర్రగా అలాగే ఉంది. సున్నం తడిపి నేనే పెడదామా అని ఒక్క నిమిషం అనిపించింది గానీ, రావలసినప్పుడు రానివాడికి ఆ హక్కు లేదు. ఇంతలో నల్లా ఆగిపోయింది.

అన్న ఇప్పుడు ఎండాకాలం అంగడికి సాదా నీళ్ల రంజన్లు మాత్రం చేస్తాడు. మా ఇంట్లో కుండలకు చుక్కలు పెట్టడం లేదు.