సాక్ష్యం చెప్పి ఆపేసిన మాత్ర

రేకు అట్టలోంచి మాత్ర బయటపడేటప్పుడు వచ్చే చిన్న ‘టక్’ చప్పుడుకు ఇప్పటికీ నా అరచేతులు చెమరుస్తాయి. నిన్న రాంగోపాల్‌పేట్‌లో మందుల దుకాణం ముందు ఎవరో మాత్ర వేసుకుంటుంటే ఆ చప్పుడు విన్నాను. రూతమ్మగారు గుర్తుకొచ్చారు. సీతాఫల్‌మండిలో నేను తెలుగు చెప్పిన బడికి ఆవిడ ప్రధానోపాధ్యాయురాలు. గుంటూరు మనిషి; మా చర్చికే వచ్చేవారు. హాజరుపట్టీలో ఒక్క కొట్టివేతను కూడా సహించేవారు కారు.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులవి. తీవ్రమైన కుంగుబాటుతో నెలల తరబడి మంచం పట్టిన నన్ను మాత్రలే లేపి కూర్చోబెట్టాయి. ఎంతకాలం వాడాలో వైద్యుడు చెప్పలేదు, నేనూ అడగలేదు. పాత చీటీ చూపిస్తే చాలు, దుకాణదారుడు “గవే గదా మేడమ్” అంటూ రెండేళ్లు ఇస్తూ పోయాడు. ఇంకా అవసరమా అని ఒక్కరూ అనలేదు. ఆ నిర్లక్ష్యం తలచుకుంటే నేటికీ ఒళ్లు మండుతుంది. జీవితాంతం ఇంతేనా, ఈ మందు లోపల ఏం చేస్తోందో అన్న భయం పెరిగి పెరిగి, ఒక ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. “ప్రభువు నన్ను బాగుచేశాడు. ఈరోజుతో మాత్రలు మానేశాను” అన్నాను. అందరూ స్తోత్రం చెప్పారు.

మూడో రోజు నుంచి, తల తిప్పినప్పుడల్లా లోపల కరెంటు కొట్టినట్లుండేది. కొన్ని వారాలకు పాత చీకటి తిరిగొచ్చింది. మాత్ర వేసుకుంటే దేవుని ఎదుట చెప్పిన మాట అబద్ధమవుతుంది; వేసుకోకపోతే బతకాలనిపించడం లేదు. గడియ పెట్టుకుని కూర్చునేదాన్ని. బడికి రావడం లేదని రూతమ్మగారే ఇంటికొచ్చి అంతా విన్నారు.

“సాక్ష్యం పరువు కోసం చచ్చిపోతావా ఏమిటే?”

“నవ్వుతారు మేడమ్.”

“నవ్వనీ. నీ శవపెట్టె దగ్గర ఏడవడం కంటే నయమేగా. నోటుపుస్తకం తియ్యి. తల తిరగడం ఏ రోజు మొదలైంది? నిద్ర ఎన్ని గంటలు? రాయి.”

మర్నాడే ఆ పుస్తకాన్ని వైద్యుడి ముందు పెట్టించారు. “ఎన్నేళ్లు వాడాలి సార్? వాడితే ఏమవుతుంది?” అని ఆవిడే అడిగారు.

ఆయన విసుక్కున్నారు. “అన్నీ చెబితే పేషెంట్లు భయపడి మానేస్తారమ్మా.”

“చెప్పకపోయినా మానేసిందిగా!”

అప్పుడు ఆయన తగ్గారు. ఆపాలంటే తాము చూస్తుండగా మెల్లమెల్లగా తగ్గించాలన్నారు. అయినా జబ్బు తిరగబెట్టవచ్చన్నారు. ఏళ్ల తరబడి వాడితే కొందరికి బరువు పెరగడం లాంటి ఇబ్బందులుంటాయని, ఎవరికి ఎంతకాలం మేలు చేస్తుందో ముందుగా చెప్పలేమని అన్నారు. ఆ ‘చెప్పలేము’ నన్ను వణికించింది. కానీ ఆ మందు గురించి నాకు ఎవరైనా చెప్పిన మొదటి నిజం అదే.

మాత్ర మళ్లీ మొదలుపెట్టి కాస్త తేరుకున్నాక, చర్చిలో లేచాను. “మాత్రలు మానేశానన్నాను. మానకూడని విధంగా మానాను. ఇప్పుడు వేసుకుంటున్నాను.” ఈసారి స్తోత్రాలు లేవు; కొందరు తలలు దించుకుని పాటల పుస్తకాలు తిరగేశారు. ఆడవాళ్ల వరసలోంచి రూతమ్మగారు పాస్టరుగారిని అడిగారు: “తర్వాత కీర్తన ఎన్నోది, అయ్యగారూ?”

ఆవిడ ఇప్పుడు లేరు. నా మోతాదు సగమైంది; పూర్తిగా ఆగలేదు. వైద్యుల దగ్గరకు వెళ్లే ప్రతిసారీ “ఇది నాకింకా అవసరమా?” అనే అడుగుతాను. మానేయమంటారేమోనని ఒక భయం, ఎన్నటికీ మానవద్దంటారేమోనని ఇంకో భయం. ఆ రెండూ వదలవు. అయినా జవాబు వినకుండా ఆ కుర్చీలోంచి లేవను.