నేను చూడలేదన్న కొలత

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. కానీ నా ఉద్యోగం, నా పేరు దాని మీదే నిలబడి ఉన్నాయి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల చివర్లో షోలాపూర్‌లోని ఒక కాలేజీలో రాజేశం, నేను కలిసి పరిశోధన చేసేవాళ్లం. ఇద్దరివీ అశోక్ చౌక్ దగ్గరి మరమగ్గాల ఇళ్లే. ఒకే ఫ్రీక్వెన్సీలో, వీలైనంత తక్కువ రొదతో, అంటే నాయిస్‌తో, సిగ్నల్ పుట్టించడం, ఆ రొద ఎంతుందో కొలవడం మా పని. కాలేజీలో కరెంటు తీగల రొద ప్రతి కొలతలోకీ దూరేది. ఒకసారి మా పేటలో కరెంటు పోయి, మగ్గాలన్నీ ఆగిన రోజున, రాజేశం తన సర్క్యూట్‌ను ఇంట్లో బ్యాటరీల మీద నడిపాడు. నన్ను పిలిచాడు. వాళ్లమ్మ గుమ్మంలో బీడీలు చుడుతోంది. అతని పక్కనే కూర్చుని చూశాను. అంత తక్కువ రొద మేమిద్దరం ఎన్నడూ చూసింది కాదు.

నాకు సంతోషం కలగాలి. అనుమానం కలిగింది. బ్యాటరీల సంగతి ఎప్పుడో టీ తాగుతూ నేనే అన్నాను కదా? నా మాట పట్టుకుని నన్నే దాటిపోతున్నాడా? అసలు నేనన్నానా, అన్నానని ఆ రోజే అనుకోవడం మొదలుపెట్టానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

పుణెలో ఒక ప్రయోగశాలకు మాలో ఒక్కరినే పంపాలి. మగ్గాల ఇంట్లో అంత మంచి కొలత ఎలా వస్తుందని మా గైడ్‌కు అనుమానం. నన్ను విడిగా పిలిచి, నీ కళ్లతో చూశావా అని అడిగారు. చూడలేదన్నాను.

రాజేశం అంకెలు కల్పించాడని తేల్చేశారు. అతని పరిశోధన అక్కడితో ఆగింది. నేను పుణె వెళ్లే ముందు కొంతం చౌక్‌లో ఎదురుపడ్డాడు.

"నువ్వు నా పక్కకే కూసున్నవ్ గదరా. ఎందుకట్ల చెప్పినవ్?"

"సరింగ చూడలే రాజేశం. నాకు యాదికి లేదు."

"బరోబర్," అని వెళ్లిపోయాడు.

పుణెలో అదే పద్ధతిలో, బ్యాటరీలతోనే కొలిచాను. అదే ఫలితం వచ్చింది. నా పేరుతో అచ్చయింది. ఎవరైనా మెచ్చుకుంటే, వీడికి తెలుసేమోనని ముఖం చదవడం అప్పటి నుంచే అలవాటైంది.

రాజేశం ఇప్పుడు బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ వైపు మగ్గాల మోటార్లకు వైండింగ్ చేస్తాడు. నేను షోలాపూర్ వెళ్లినప్పుడు కనబడితే బాగున్నావా అంటాడు. ఇంటికి వెళ్తే వాళ్లమ్మ టీ ఇస్తుంది. ఆమె మామూలు మాటల్లో కూడా మరో అర్థం వెతుకుతాను. ఆ రోజు నన్ను అక్కడ చూసింది కదా. నేను చూడలేదన్నానని కొడుకు చెప్పాడా? ఇద్దరూ నా నోటి నుంచే వినాలని చూస్తున్నారా? అతనికి ఇంకా చెప్పలేదు. చెబుతానని మాటివ్వడానికి నా మీద నాకే నమ్మకం లేదు.

చూశాను. అతను కొలిచింది నిజం. ఇంతకాలం ఈ మాట నా నోటి నుంచి గానీ, చేతి నుంచి గానీ రాలేదు. ఇప్పుడు వచ్చింది.