కనుమ కింద మూడో దెబ్బ

నా జీవితంలో నేను కొట్టింది ఒక్క మనిషినే. ఆయన నా భార్యకు సొంత అన్న. కొట్టింది హిమాలయాల్లో, ఒక కనుమకు కాస్త దిగువన, గాలికి మనిషి నిలబడలేని మంచు వాలు మీద. ఇంగ్లండులోని రీడింగ్ ఊళ్ళో, ఆఫీసులో నాతో పనిచేసేవాళ్ళకు ఈ సంగతి చెప్తే నమ్మరు. మీటింగులో ఎవరైనా గొంతు పెంచితే తల దించుకుని ల్యాప్‌టాప్ చూసుకునే మనిషిని నేను.

బావ మాకంటే పదేళ్ళు ముందు ఇంగ్లండు వచ్చాడు. స్టాన్‌మోర్‌లో ఇల్లు, వీధి నిండా తెలిసినవాళ్ళు, ఏ ఫంక్షనైనా ముందు వరస ఆయనదే. మేము స్విండన్‌లో ఉంటాం. నా ఉద్యోగం పోయినప్పుడు రీడింగ్‌లో కాంట్రాక్టు చూపించింది ఆయనే. యాభై దగ్గర పడ్డాక ఆయనకు ఎత్తయిన కనుమ ఒకటి దాటాలన్న పట్టుదల పుట్టింది. శనివారాలు నన్ను వేల్స్ కొండలకు లాక్కెళ్ళేవాడు. వానలో ఆయన ముందు, నేను వెనక. ఒక్కసారీ తిరిగి చూసేవాడు కాదు. కిందికి వచ్చాక మాత్రం కారుకు ఆనుకుని నిలబడి, నేను ఎన్ని నిమిషాలు ఆలస్యమో చెప్పేవాడు.

"అన్న ఒక్కడే పోతే నాకు భయం. బీపీ మాత్రలు కూడా సరిగ్గా వేసుకోడు. నువ్వు పోయి రా," అంది నా భార్య. ఆయన నా మాట వినడని ఇద్దరికీ తెలుసు. అయినా సెలవు పెట్టాను.

హిమాచల్‌లో రోడ్డు ఆగిపోయిన చోట మా గైడు ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి. మాట తక్కువ. బరువు మోయడానికి ఆయన సొంత కంచరగాడిద ఒకటి ఉంది. మేము ముగ్గురమే. మాటలన్నీ హిందీలో. బావకు హిందీ ధారాళంగా వచ్చు, నాకు అంతంతమాత్రం.

మూడు రోజులు ఊళ్ళ మీదుగా నడిచాం. అక్కడి ఇళ్ళు రాయి ఒక వరస, దేవదారు దుంగ ఒక వరస పేర్చి కట్టినవి. కింద పశువులు, పైన మనుషులు. పలకరాళ్ళ కప్పుల మీద ఆప్రికాట్లు ఎండుతుండేవి. ఆడవాళ్ళు వీపు మీద బుట్టల్లో గడ్డి మోసుకుంటూ, మమ్మల్ని చూసి దారి ఇవ్వకుండా, మేమే పక్కకు తప్పుకునేదాకా నడిచి వచ్చేవాళ్ళు. నాకు ఆ ఊళ్ళు నచ్చాయి. బావకు మాత్రం అవి దాటాల్సిన లెక్క. ప్రతి ఊరి దగ్గరా చేతి గడియారం నొక్కేవాడు.

ఆఖరి ఊళ్ళో గైడు అక్క ఇంట్లో దిగాం. అరవై ఏళ్ళ మనిషి, పొయ్యి ముందు కూర్చుని నల్లటి పిండితో రొట్టెలు కాల్చి పెట్టింది. బావ సగం రొట్టె తిని వదిలేశాడు. ఆమె ఆయన కళ్ళలోకి తేరిపార చూసి తమ్ముడితో ఏదో అంది.

"తల నొప్పా అని అడుగుతోంది," అన్నాడు గైడు.

"లేదు," అన్నాడు బావ.

పొద్దున ఆయన గోడ చాటున వాంతి చేసుకోవడం నేను చూశాను. గైడు ఆ రోజు అక్కడే ఆగుదామన్నాడు. ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడాలి, ఒక్క రోజు ఆగితే నష్టం లేదన్నాడు. బావ ఒప్పుకోలేదు. నా వైపు తిరిగి తెలుగులో, "ఈనికి ఒక దినం కూలి ఎక్కువైతే మంచిదేలే. నువ్వేమంటావు? నీకు కాళ్ళు నొస్తాండాయా?" అన్నాడు. వాంతి సంగతి నేను చెప్పాల్సింది. "లేదు, పోదాం పా," అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకూ తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే రాళ్ళు పడ్డాయి. ఒక ఇరుకు లోయలో ఎడమ వైపు కొండ మీద నుంచి ముందు చిన్న గులకలు జారాయి. గైడు అరిచాడు. మేము బండ కిందికి దూరాం. కంచరగాడిదకు దూరే చోటు లేదు. గంగాళమంత రాయి ఒకటి గాల్లో తిరుగుతూ వచ్చి దాని వెనక భాగాన్ని నుజ్జు చేసింది. ముందు కాళ్ళతో లేవడానికి అది మూడు సార్లు ప్రయత్నించింది. దాని అరుపు మనిషి అరుపులా ఉంది. గైడు దాని మెడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెవిలో ఏదో చెప్పాడు. తర్వాత సంచిలోంచి చిన్న గొడ్డలి తీసి, వెనక వైపుతో నుదుటి మీద బలంగా కొట్టాడు. ఒక్క దెబ్బతో పోలేదు. రెండోది వేశాడు. ఆయన ముఖం మీదికి చిందిన రక్తాన్ని చాలాసేపు తుడుచుకోలేదు.

"టైమ్ పోతాంది," అన్నాడు బావ.

గైడుకు ఆ తెలుగు అర్థం కాలేదు. గొంతు మాత్రం అర్థమైనట్టుంది. లేచి బరువులు మూడు భాగాలు చేశాడు. అందులో పెద్దది బావ తీసుకున్నాడు, ఎవరూ అడగకపోయినా.

ఆ రాత్రి డేరాలో గడిపి, మరునాడు తెల్లవారగానే కనుమ వైపు ఎక్కడం మొదలుపెట్టాం. గంట గడవకముందే గాలి లేచింది. మంచు పైనుంచి పడడం లేదు, అడ్డంగా వచ్చి ముఖాన్ని చెక్కుతోంది. బావ అడుగులు తేడాగా పడడం అప్పుడే గమనించాను. తాగినవాడిలా కాళ్ళు ఎడంగా వేస్తున్నాడు. ఒకచోట ఆగి చేతి తొడుగులు రెండూ విప్పి విసిరేశాడు. నేను వెళ్ళి తెచ్చి ఇస్తే, వాటిని ఎన్నడూ చూడనట్టు చూశాడు.

గైడు దగ్గరికి వచ్చి, గీత గీసినట్టు తిన్నగా నాలుగు అడుగులు నడవమన్నాడు. బావ రెండో అడుగుకే కూలబడ్డాడు.

"మెదడుకు నీరు పట్టింది. ఇప్పుడే దిగాలి. ఒక్క క్షణం కూడా ఆగకూడదు," అన్నాడు గైడు నాతో.

"ఈ నా కొడుకు నా పాస్‌పోర్టు ఎత్తుకున్యాడు," అన్నాడు బావ. లేచి నడక కర్రతో గైడు ముఖం మీద అడ్డంగా కొట్టాడు. ముక్కు ఎముక విరిగిన చప్పుడు ఆ గాలిలో కూడా నాకు వినిపించింది. గైడు మంచులో కూర్చుండిపోయాడు. నేను వెనక నుంచి పట్టుకోబోతే బావ తిరిగి నా మెడ పట్టుకున్నాడు. ఆయనకు ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. మాకు కుడి పక్కన పదడుగుల దూరంలో వాలు తెగిపోయి, కింద ఏమీ కనిపించని తెల్లదనం ఉంది. నన్ను అటు ఈడుస్తున్నాడు.

"నన్ను తోసేయాలని వచ్చినారు మీరిద్దరూ. నాకు తెలుసు. అది పంపించింది నిన్ను," అన్నాడు. అది అంటే సొంత చెల్లెలు.

మొదటి దెబ్బ నా నడక కర్రతో ఆయన చేతి మీద వేశాను, నా మెడ వదలడానికి. రెండోది మోకాలి మీద, అంచు దాకా పోకుండా పడిపోవడానికి. ఆ రెండూ అవసరం. ఎవరు అడిగినా అదే చెప్తాను. ఆయన వెల్లకిలా పడ్డాడు. ఆయన కర్ర జారి ఎటో పోయింది. చేతులు ఖాళీ. నా వైపు చూస్తున్నాడే కానీ నన్ను గుర్తు పడుతున్నట్టు లేదు.

అప్పుడు మూడోసారి కర్ర ఎత్తాను. ఆ క్షణంలో నా కళ్ళ ముందు కొండ లేదు. స్టాన్‌మోర్‌లో వాళ్ళ హాలు ఉంది. ముప్పై మంది అతిథుల మధ్య బావ లేచి, కాంట్రాక్టు ఇంటర్వ్యూలో నేను ఎలా తడబడ్డానో, నా ఇంగ్లిషు ఎలా ఉంటుందో అనుకరించి చూపించిన సాయంత్రం. అందరూ పడీ పడీ నవ్వారు. నా ఎనిమిదేళ్ళ కూతురు నవ్వింది. నేనూ నవ్వాను. కర్ర నోటి మీద పడింది. పళ్ళు విరిగాయి. మళ్ళీ ఎత్తాను. నాలుగోది పడకుండా వెనక నుంచి గైడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ముక్కులోంచి కారిన రక్తం నా జాకెట్ చేతి మీద పడింది.

"సాబ్, చాలు. ఆయన పడిపోయాడు," అన్నాడు.

గైడు తన సంచిలోంచి సూది మందు తీసి, బావ ప్యాంటు పైనుంచే తొడలో గుచ్చాడు. ఆయన రెండు చేతులూ తాడుతో కట్టాం. ఒకరం ముందు, ఒకరం వెనక, కిందికి ఈడ్చుకొచ్చాం. ఆయన నన్ను రెండుసార్లు కరిచాడు. ఒకటి బొటనవేలి ఎముక దాకా దిగింది. తిట్లన్నీ నాకే. కడపలో మా వీధిలో కూడా వినని తిట్లు. అయిదు గంటలు దిగాక, చచ్చిపడిన కంచరగాడిద పక్క నుంచి నడిచాం. దాని మీద అప్పటికే పక్షులు వాలాయి. అక్కడి నుంచి బావ తిట్టడం మానేసి ఏడవడం మొదలుపెట్టాడు.

గైడు అక్క ఇంటి ముందే ఎదురొచ్చింది. బావను పొయ్యి పక్కన పడుకోబెట్టి గోరువెచ్చటి నీళ్ళతో ముఖం కడిగింది. పగిలిన పెదవులు, చితికిన చిగుళ్ళు చూసి చెయ్యి ఆపింది.

"ఇది ఎవరు చేశారు?" అని ఈసారి హిందీలోనే తమ్ముణ్ణి అడిగింది. ఆ మాత్రం హిందీ నాకు అర్థమైంది.

"రాళ్ళ మీద పడ్డాడు," అన్నాడు గైడు, విరిగిన ముక్కుతో, నా వైపు చూడకుండా.

ఆమె నమ్మలేదు. నా చేతి మీద కరిచిన గాట్లు చూసింది. గుడ్డను గిన్నెలో పిండి నా చేతికిచ్చి, లేచి బయటికి పోయింది. మిగతా ముఖం నేనే తుడిచాను.

మరునాటికి బావకు తెలివి వచ్చింది. డేరాలో టీ తాగిన దాకా గుర్తుంది, ఆ తర్వాత ఏమీ లేదు. నాలుకతో ముందు పళ్ళు వెతుక్కున్నాడు. "ఏమైంది బావా నాకు?" అన్నాడు. గైడు ముక్కు ఎవరు విరగ్గొట్టారో నేను చెప్పాను. ఆయన పాక్కుంటూ వెళ్ళి గైడు పాదాలు పట్టుకున్నాడు. అది నిజమైన ఏడుపు. తన పళ్ళ గురించి అడిగినప్పుడు గైడు మళ్ళీ అదే మాట అన్నాడు, రాళ్ళు అని. నేను ఊరుకున్నాను.

ఇంగ్లండు తిరిగొచ్చాక నేను అందరి కళ్ళలో గొప్పవాణ్ణయ్యాను. స్టాన్‌మోర్‌లో అదే హాల్లో, అదే అతిథుల ముందు, బావ కొత్త పళ్ళతో నిలబడి నా కథ చెప్పాడు. "వీడు నన్ను అయిదు గంటలు మోసినాడు. ఈ పొద్దు నేను ఈడ నిలబడినానంటే మా బావే." అంకుల్ ఒకాయన లేచి నన్ను కౌగిలించుకున్నాడు. ఆ రోజు నుంచి బావ నన్ను ఎగతాళి చేయలేదు. ఏ పని మొదలుపెట్టినా ఫోన్ చేసి, "నువ్వేమంటావు?" అని నా జవాబు కోసం ఆగేవాడు. ఇన్నేళ్ళుగా నేను కోరుకున్నది అదే. అది దొరికాక అన్నం సహించేది కాదు.

ఒక ఆదివారం స్టాన్‌మోర్ నుంచి కార్లో తిరిగి వస్తూ నా భార్యకు చెప్పాను. వెనక సీట్లో కూతురు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంది. నా భార్య వైపర్ల మీద నుంచి చూపు నా వైపు తిప్పింది.

"పడిపోయినాక కొట్టినావా?"

"ఊఁ."

"గైడు పట్టుకోకపోతే?"

నేను ముందున్న లారీని దాటాను. మోటర్‌వే పక్క సర్వీసెస్‌లో కారు ఆపమంది. దిగి వానలో నిలబడింది. నేను వెళ్ళి గొడుగు పట్టబోతే నా ఛాతీ మీద రెండు చేతులతో తోసింది. వెనక్కి పోయి కారు తలుపుకు కొట్టుకున్నాను. కూతురు హెడ్‌ఫోన్లు తీసి, "మమ్, వాట్స్ గోయింగ్ ఆన్?" అంది. ఇంటికి వచ్చాక నా భార్య అన్నది ఒకటే మాట. "నేను చెప్పను. నువ్వే పోయి చెప్పు."

తర్వాతి శనివారం వెళ్ళాను. వంటింట్లో బావ ఒక్కడే ఉల్లిపాయలు తరుగుతున్నాడు. నిలబడే చెప్పాను, మొదటి దెబ్బ నుంచి. ఆయన కత్తి పలక మీద పెట్టి, దాన్ని చేతికి అందనంత దూరం జరిపాడు.

"మల్లా చెప్పు," అన్నాడు.

మళ్ళీ చెప్పాను. ఆయన పిడికిలి నా దవడ మీద పడింది. ఫ్రిజ్‌కు కొట్టుకుని కింద పడ్డాను. రెండోది కడుపులో పడింది. నేను చేతులు ఎత్తలేదు. మూడోసారి పిడికిలి బిగించి, నా ముఖం చూసి, దించేశాడు. నా పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"ఎందుకు?" అన్నాడు.

ఆ సాయంత్రం సంగతి చెప్పాను. ఆయన నుదురు ముడతలు పడింది. నిజంగానే వెతుక్కున్నాడు.

"నేనెప్పుడు చేసినా అట్లా?" అన్నాడు. "నాకు గుర్తే లేదు బావా."

అబద్ధం కాదు. కనుమ మీది ఆ రోజు ఎలా గుర్తు లేదో, అదీ అలాగే గుర్తు లేదు. నాకైతే రెండూ అరిగిపోకుండా ఉన్నాయి. నోట్లోంచి రక్తం కారుతుంటే కిచెన్ టవల్ చించి ఇచ్చాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా రాలేదు.

దాదాపు ఏడాది రెండిళ్ళ మధ్య రాకపోకలు లేవు. నా భార్య ఒక్కతే రైల్లో వెళ్ళి వచ్చేది, వచ్చాక అన్న ఊసు నా ముందు ఎత్తేది కాదు. పోయిన వేసవిలో బావ కొడుకు డిగ్రీ పూర్తయింది. పిలుపు నా పేరు మీదే వచ్చింది, వెళ్ళాను. ఫోటో తీసేటప్పుడు జనం ఎక్కువై నన్ను బావ పక్కకు నెట్టారు. నా భుజం మీద వెయ్యడానికి ఆయన చెయ్యి లేపాడు. నా ఒళ్ళు దానంతటదే పక్కకు వంగింది. ఆయన చెయ్యి గాల్లోనే ఆగి, మెల్లగా జేబులోకి పోయింది. ఫోటోలో ఇద్దరం కెమెరా వైపే చూస్తున్నాం. తర్వాత ఆయనే ప్లేటు పట్టుకొచ్చి, "తిను, చల్లారిపోతాంది," అన్నాడు. తీసుకుని, ఆయన పక్కన నిలబడి తిన్నాను.