గుండుతో గెలిచిన పందెం

పోయిన సోమవారం పొద్దున అమ్మవారి గుడి దగ్గర పూలు కొనుక్కుందామని ఆగితే, ఎప్పుడూ మూర కొలిచేటప్పుడు మోచేయి కాస్త ముడుచుకునే పూలామె ఆ రోజు చేయి బారుగా చాచి కొలిచింది. పైన ఇంకో మూర తెంపి నా సంచిలో వేసి, "మీ తమ్ముడు ఇంగ రేసు కారు తోలడంట గదక్కా, టీవీలో జెప్పినారు. ఎంతమందిని ఓడగొట్టినాడు మారాజు!" అంది. తిరుచానూరులో ఇన్నేళ్ళుగా కాపురముంటున్నా, నేను రిటైరైన టీచరునని ఆమెకు తెలుసో లేదో గానీ, ఫలానా వాడి అక్కనని మాత్రం ఈ వీధిలో అందరికీ తెలుసు. ఇంటికి వచ్చేలోపల ఇస్త్రీ బండి అతనూ, లాడ్జి మేనేజరూ కూడా ఆపి అదే మాట అన్నారు. అంతకు ముందు రోజే వాడు ఆఖరి రేసులో మూడోవాడిగా వచ్చి, ఇక చాలని చెప్పి కారు దిగాడు. పేపర్ల వాళ్ళు వాడి కప్పులన్నీ వరుసగా పేర్చి ఫోటోలు వేశారు. నాకు మాత్రం ఆ ఫోటోల్లో ఎక్కడా లేని కుర్రవాడొకడు, చందనం పూసిన నున్నటి గుండుతో బిక్కమొహం వేసుకుని నిలబడి, కళ్ళ ముందు కదులుతూనే ఉన్నాడు.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, మా కాలంలో కారు నడపడమంటే టాక్సీవాళ్ళ పని, అంతే. దాన్ని గుండ్రంగా తిప్పితే చప్పట్లు కొడతారని, పేరు వస్తుందని ఎవరైనా అంటే నవ్వేవాళ్ళం. అందులోనూ మాది దేవస్థానం ఉద్యోగస్తుల ఇల్లు. మా నాయన గుమాస్తాగా చేరి మెల్లగా పైకొచ్చిన మనిషి, నొసటి నామం ఎంత నిటారుగా ఉండేదో నడకా అంతే. ఆయనకొక పట్టుదల ఉండేది, జన్మలో ఎవరినీ ఏమీ అడగకూడదని. బస్సులో పక్కవాణ్ణి కాస్త జరగమని కూడా అడగడు, తిరుపతి నుంచి చిత్తూరు దాకా నిలబడే పోతాడు. దర్శనానికి సిఫార్సు చేయించమని బంధువులెవరైనా వస్తున్నారని తెలిస్తే, తాను పోయి ఇంకొకరిని అడగాల్సి వస్తుందని పెరటి వాకిలి గుండా మాయమయ్యేవాడు. వచ్చినవాళ్ళకు కాఫీలిచ్చి సర్దిచెప్పి పంపించడం నా వంతు, ఎందుకంటే అమ్మ మా చిన్నప్పుడే పోయింది, మమ్మల్ని పెంచిన అవ్వకేమో సర్దిచెప్పడం చేతకాదు, ఉన్నమాట మొహానే అనేస్తుంది.

తమ్ముడికి ఈ కార్ల పిచ్చి పూతలపట్టులోని మా మేనమామ దగ్గర అంటింది. ఆయన మామిడి తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు జీపులో కాయలు తోలేవాడు. వేసవి సెలవుల్లో వీడు స్టీరింగు పట్టుకుని, గుంతలు పడిన తోట దారుల్లో మాగిన కాయ ఒకటి కూడా నలగకుండా బండి దించేవాడట. మామ ఆ సంగతి ఊరంతా చెప్పుకుని మురిసిపోతే, నాయన విని మొహం తిప్పుకున్నాడు. డిగ్రీ అయ్యాక వీడు, మా వీధి చివర షెడ్డున్న మెకానిక్ భాయి కలిసి ఒక పాత కారు తెచ్చి, దాని సీట్లూ తలుపు అద్దాలూ పీకేసి, మద్రాసు దగ్గరి ట్రాక్ మీద పందేలకు పోవడం మొదలుపెట్టారు. ఒకసారి కారు అదుపు తప్పి, పల్టీ కొట్టి, గడ్డిలో తలకిందులుగా ఆగింది. మనిషికి గీత కూడా పడలేదు. ఆ కబురు విన్న క్షణానే అవ్వ కొండ వైపు తిరిగి, మనవడి తలనీలాలిస్తానని మొక్కేసుకుంది. నాయన మాత్రం చాలా రోజులు వాడితో మాట్లాడలేదు, ఆ తర్వాత ఒకే ఒక్క మాట చెప్పాడు. ఆ ఏడాది సీజనులో మిగిలింది ఆఖరి పందెం. అది గెలిస్తే వాడిష్టం, గెలవకపోతే మర్నాడు సోమవారం చిత్తూరు దగ్గర తెలిసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే రమ్మన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాలి, మళ్ళీ కారు మాటెత్తకూడదు. తమ్ముడు ఒప్పుకున్నాడు. మాట ఇస్తే తప్పే రకం కాదు వాడు, ఆ విషయంలో అచ్చం నాయనే.

పందెం ఇంక రెండు రోజులుందనగా అవ్వకు మొక్కు గుర్తుకొచ్చింది. "స్వామికి బాకీ పెట్టుకోని యాడికి రా నువ్వు పొయ్యేది? పల్టీ గొట్టినప్పుడు కాపాడింది ఎవురనుకున్నావు? ముందు కొండకు పొయ్యి తల ఇచ్చిరా, ఆమీదట నీ పందెం సూద్దాము" అని పట్టుబట్టింది. అందులో కాదనడానికేముంది? వాడికి గుబురుగా, దువ్వెన విరిగేంత ఉంగరాల జుట్టు. శుక్రవారం కొండెక్కి, కల్యాణకట్టలో అదంతా సమర్పించి, దర్శనం చేసుకుని, చందనం పూసుకుని చక్కగా దిగి వచ్చాడు. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, ఆ రెండు రోజుల్లో మా ఇంట్లో ఒక్కరికీ, చివరికి భాయికి కూడా, ఆ గుండుకూ హెల్మెటుకూ సంబంధముందని తట్టలేదు. వేరే ఊరైతే వాడు గడప దాటగానే నలుగురూ తేరిపార చూసేవాళ్ళేమో. మా ఊళ్ళో వీధిలోకి వస్తే ఎదురయ్యే ప్రతి ముగ్గురిలో ఒకడికి గుండే, దాన్ని ఎవరు పట్టించుకుంటారు?

ఆదివారం తెల్లవారుతూనే అందరం బయల్దేరాం. అవ్వ తాను చూడాల్సిందేనంది, అవ్వను ఒంటరిగా పంపలేక నాయన వచ్చాడు, ఇద్దరినీ చూసుకోవడానికి నేను. ట్రాక్ దగ్గర ఎండ, దుమ్ము, చెవులు చిల్లులు పడే మోత. పందేనికి ముందు కార్లనూ మనుషులనూ తనిఖీ చేసే పెద్దాయనొకడు తమ్ముడి తలమీద హెల్మెట్ పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. అది బోర్లించిన బిందెలాగా గిర్రున తిరిగి, ముందుండాల్సిన అద్దం చెవి పక్కకు వచ్చేసింది. తలకు గట్టిగా పట్టని హెల్మెటుతో ట్రాక్ మీదికి వదలనని ఆయన తమిళంలో నిదానంగా, మర్యాదగా, ఖండితంగా చెప్పాడు. భాయి పరుగున పోయి స్పాంజి ముక్కలు కోసుకొచ్చి లోపల కుక్కాడు, ఆయన వాటన్నింటినీ తీసి బల్లమీద పెట్టాడు. అవ్వ తన చెంగు చింపి తలకు చుట్టమంది, దానికీ ఆయన తల అడ్డంగా ఊపాడు. గంటలోపల సరిపోయేది తెస్తే సరి, లేకపోతే ఈ కారు నిలబడిపోతుందన్నాడు. ఆయన తప్పేమీ లేదు, వాడి మెడ బాగు కోరే చెప్పాడు. ఆ క్షణాన మాత్రం ఆయన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

తమ్ముడు కారు పక్కన కూర్చుండిపోయాడు. వాడి కంట్లో నీళ్ళు తిరగడం అమ్మ పోయిన తర్వాత నేను చూడడం అదే మొదటిసారి. ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ పూట నాయన ఏమీ చెయ్యాల్సిన పని లేదు, ఊరికే నిలబడితే చాలు. ఆయన కోరుకున్నది దానంతటదే జరిగిపోయేది, పందెం పోయేది, సోమవారం కొడుకు బుద్ధిగా ఉద్యోగంలో చేరేవాడు, ఆయన మాటా నిలిచేది. నేను ఆయన మొహంకేసే చూస్తున్నాను. ఆయన కాసేపు కొడుకు గుండు వైపు చూసి, కండువా దులిపి భుజాన వేసుకుని, మిగతా పందెగాళ్ళు కార్లు పెట్టుకున్న షెడ్ల వరుస వైపు నడిచాడు.

నేను వెనకే పరిగెత్తాను. మొదటి షెడ్డు ముందు ఆగి గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ సవరించుకున్నాడు. బస్సులో జరగమని అడగని మనిషి, బంధువులొస్తే పెరటి దారి పట్టే మనిషి, ముక్కూమొహం తెలియని కుర్రాళ్ళ ముందు రెండు చేతులూ జోడించి, యాత్రికులతో మాట్లాడి నేర్చుకున్న తమిళంలో, మా అబ్బాయికి తలకు పట్టే హెల్మెట్ ఒకటి కావాలి, సాయంత్రం తెచ్చిస్తాను అని అడిగాడు. లేదన్నారు. పక్క షెడ్డులో అడిగాడు, అక్కడున్నది మరీ పెద్దది. ఇంకొక చోట నవ్వారు, నామం చూసి పురోహితుడనుకుని ఏదో అన్నారు కూడా. నాయన ఆ మాట విననట్టే తర్వాతి షెడ్డుకు పోయి మళ్ళీ చేతులు జోడించాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, సిగ్గుతో కాదు, నాయన ఇంత పెద్ద మనిషని నాకు అప్పటిదాకా తెలియనందుకు.

చివరికి ఇచ్చినవాడు కోయంబత్తూరు అతను, సన్నగా, చిన్న తలకాయతో, తమ్ముడి కంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు. తన దగ్గరున్న రెండో హెల్మెట్, పసుపుపచ్చది, తీసి నాయన చేతిలో పెట్టి, ఆయన జోడించిన చేతులు పట్టుకుని కిందికి దించాడు. ఆ పందెంలో తమ్ముడు ముఖ్యంగా ఓడించాల్సింది అతన్నేనని మాకు తెలియదు, అతనికి మాత్రం బాగా తెలుసు. హెల్మెట్ తమ్ముడి తలకు చెవులు మెలిపెట్టినంత బిగువుగా పట్టింది. తనిఖీ పెద్దాయన పట్టి లాగి, కదిపి చూసి, నవ్వి, భుజం తట్టి పంపించాడు.

ఇంక ఆ పందెం సంగతి ఏం చెప్పను! జెండా ఊపగానే మా కారు ఆరో చోటో ఏడో చోటో ఉంది. మిగతావాళ్ళు టైర్లు కాలి పొగలొచ్చేలా మలుపులు కొడుతుంటే, మావాడు జీపులో మాగిన కాయలున్నట్టే మెత్తగా తిప్పుకుంటూ పోతున్నాడు. అవ్వకు ఆ నిదానం నచ్చలేదు, "ఏమిరా ఎద్దులబండి మాదిరిగా!" అని కంచె మీది నుంచి అరుస్తోంది. సగం పందెం గడిచాక తెలిసొచ్చింది, ముందున్నవాళ్ళ టైర్లు అరిగిపోయి కార్లు జారడం మొదలుపెట్టాయి, మావి మాత్రం నిగనిగలాడుతున్నాయి. ఒక్కొక్కణ్ణే దాటుకుంటూ వచ్చాడు. మా పక్కన నిలబడ్డ కోయంబత్తూరు జనం పసుపుపచ్చ హెల్మెట్ చూసి తమవాడేననుకుని ఈలలేసి గంతులేశారు, అవ్వ వాళ్ళకంటే గట్టిగా గంతులేసింది, ఎవరూ ఎవరినీ సరిదిద్దలేదు. ఆఖరి చుట్టులో వాళ్ళవాడూ మావాడూ పక్కపక్కనే మలుపులోకి దిగారు. వాళ్ళవాడి కారు కాస్త బయటికి జారింది, మావాడిది లోపలి వైపు గీత గీసినట్టు తిరిగి ముందుకొచ్చేసింది. కళ్ళు మూసుకుని గోవింద నామాలు చదువుకుంటున్న నాయన చేయి పట్టి గుంజి, గెలిచినాడు నాయనా, గెలిచినాడు అని నేను అరిచిన అరుపుకు మూడు రోజులు గొంతు పలకలేదు.

జనం తమ్ముణ్ణి ఎత్తుకుని ఊరేగిస్తుంటే నాయన అటు పోలేదు. ముందు హెల్మెట్ తెప్పించి, తన కండువాతో లోపలా బయటా శుభ్రంగా తుడిచి, కోయంబత్తూరు అతని దగ్గరికి పోయి రెండు చేతులతో అందించి, ఆ తర్వాతే కొడుకు దగ్గరికి వచ్చాడు. "సోమవారం నువ్వు యాడికీ పొయ్యే పన్లేదు లే" అన్నాడు. కండువా మళ్ళీ భుజాన వేసుకుంటూ, "పందెమైనాక కారు దిగినానని ఒక మాట నాకు జెప్పు, అంతే సాలు" అన్నాడు.

ఆ ఒక్క మాట ఇన్నేళ్ళు నడిచింది. వాడు దేశమంతా గెలిచాడు, పై దేశాలకు పోయి గెలిచాడు, వాడి పేరు చెప్పుకుని మా జిల్లా కుర్రాళ్ళు ఎందరో ఈ ఆటలోకి వచ్చారు, తిరుపతిలో వాణ్ణి పూలు చల్లి ఊరేగించిన రోజులున్నాయి. పందెమున్న ప్రతి ఆదివారమూ మా ఇంట్లో మాత్రం అన్నం చల్లారిపోయేది. కబురు వచ్చేదాకా నాయన కంచం ముందు కూర్చోడు. మొదట్లో ఎదురింటి ఫోను, తర్వాత మా ఫోను, ఇప్పుడు జేబులో ఫోను. గెలిచినా ఓడినా వాడు ముందనేది "దిగినా నాయనా" అనే. అది వినగానే నాయన ఫోను నా చేతికిచ్చి చేతులు కడుక్కోవడానికి పోయేవాడు. గెలిచాడా లేదా అన్నది ఎప్పుడూ నేనే కనుక్కోవాల్సి వచ్చేది.

ఇప్పుడు ఇదంతా మారిపోయింది. ఈనాటి పిల్లలకు ఒకటికి నాలుగు హెల్మెట్లు, కొలత తీసి చేసినవి, వెంట ఒక దండు మనుషులు. ఏ తండ్రీ షెడ్డు షెడ్డుకూ తిరిగి చేతులు జోడించనక్కర్లేదు. అది మంచికే, పాతరోజులే మేలనే మాట నా నోట రాదు. కాకపోతే అడగాల్సి వచ్చింది కాబట్టే మా నాయన ఎంతటివాడో మాకు తెలిసింది.

నిన్న మళ్ళీ ఆదివారం వచ్చింది. టీవీలో ఎవరివో కార్లు తిరుగుతున్నాయి. తొంభైకి దగ్గరపడిన నాయన నేను పిలవకముందే పన్నెండింటికి కంచం ముందు కూర్చుని, వేడివేడి అన్నంలో పప్పు కలుపుకుని, మజ్జిగ మారు కూడా అడిగి వేయించుకున్నాడు. వడ్డిస్తూ నేనే రెండుసార్లు ఫోను వైపు చూశాను, ఏదో మరిచిపోయినట్టనిపించి. తిన్న తర్వాత ఆయన లోపలికి పోయి పడుకున్నాడు. నేను వంటిల్లు సర్దుకుంటూ ఆగి విన్నాను. పందేల ఆదివారం మధ్యాహ్నం మా నాయన గురక వినడం నా జన్మలో అదే మొదలు.